బ్యారెల్‌లో సీసం పేరుకుంటోందా? గట్టిదనం సంగతి తర్వాత, ముందు కొలత చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మార్లిన్ 336 లీవర్ రైఫిల్, .30-30 తూటాలు కాల్చేది. టైర్లకి కొట్టే వీల్ వెయిట్లు కరిగించి గరాజ్‌లోనే బుల్లెట్లు పోసుకున్నావు. ఇరవై రౌండ్లు కాల్చేసరికి బ్యారెల్ లోపల బూడిదరంగు రేకుల్లా సీసం అంటుకుపోయింది, 50 గజాల్లో ఎనిమిది అంగుళాల చుట్టులో కూడా పడట్లేదు, రెండు బుల్లెట్లయితే అడ్డం తిరిగి కాగితాన్ని తాళంకప్ప కన్నంలా చింపాయి. రేంజ్‌లో ఎవరో నీ సీసం మెత్తగా ఉంది, లైనోటైప్ అనే గట్టి లోహం కొనుక్కో అన్నారు. అన్నీ రాశాక చివర్లో ఒక్క ముక్క, ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది, మీ ఆవిడ సీసం అంటే భయపడుతోంది అని. నేను ఆ చివరి ముక్క నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ వారం ఆగినా నష్టం లేదు.

మీ ఆవిడ భయం సరైనదే. నేను పద్నాలుగేళ్ళుగా డాలస్‌కి ఉత్తరాన ఇదే పని చేస్తున్నాను. 2017లో మా చిన్నవాడికి రెండేళ్ళప్పుడు డాక్టర్ దగ్గర మామూలుగా చేసే రక్తపరీక్షలో సీసం 7 అని వచ్చింది. అంటే ఒక డెసిలీటర్ రక్తంలో 7 మైక్రోగ్రాములు. అప్పట్లో సీడీసీ, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ, గీసిన గీత 5, 2021 అక్టోబర్ నుంచి దాన్ని 3.5కి దించారు. వేలు గుచ్చి తీసే రక్తంలో చర్మం మీది సీసం కలిసి ఎక్కువ చూపించొచ్చు, అందుకని నరంలోంచి మళ్ళీ తీశారు, 6 వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. పిల్లలకి ఇంతవరకూ పరవాలేదు అనదగ్గ అంకె సీసం విషయంలో లేదు. అది మెదడు మీద పనిచేస్తుంది, జరిగిన నష్టాన్ని వెనక్కి తీసుకురాలేం.

అప్పుడు నేనూ అందరిలాగే సీసం కరిగించేటప్పుడు వచ్చే పొగే కారణం అనుకున్నాను. తలుపులు బార్లా తీసే పోసేవాణ్ణి, మరి ఎలా వచ్చింది అని. తర్వాత తెలిసింది, మనం పోత పోసే వేడికి సీసం నుంచి వచ్చే ఆవిరి చాలా తక్కువ. సీసం కరిగేది 327 డిగ్రీల సెల్సియస్‌లో, మరిగేది 1,700 దాటాక. మనం ఉండేది 370 దగ్గర. గాలి ఆడే చోటు ఎలాగూ కావాలి, కానీ అసలు దొంగ దుమ్ము. కరిగిన సీసం మీద కట్టే తెట్టు తీసి డబ్బాలో వేస్తాం చూడు, ఆ బూడిద పొడి. అంతకన్నా ఘోరం, కాల్చేసిన ఇత్తడి కేసుల్ని మొక్కజొన్న బెండు పొడిలో వేసి తిప్పే డ్రై టంబ్లర్. తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న ముక్క, ప్రైమర్, అందులో సీసం ఉంటుంది, లెడ్ స్టిఫ్‌నేట్ అంటారు, అది పేలాక మిగిలిన మసి అంతా కేసు లోపలే ఉండి ఆ పొడిలోకి దిగుతుంది, మూత తీసినప్పుడల్లా సన్నగా గాలిలోకి లేస్తుంది. నా టంబ్లర్ ఎక్కడ ఉండేదో తెలుసా, గరాజ్‌లోంచి ఇంట్లోకి వచ్చే లాండ్రీ గదిలో. పిల్లాడి బట్టలు మడతపెట్టే బల్ల పక్కన.

ఆ వారమే టంబ్లర్ తీసి పడేశాను. ఇప్పుడు నీళ్ళలో స్టీలు పిన్నులు వేసి తిప్పేది వాడుతున్నాను, దుమ్ము లేవదు. ఆ మురికినీళ్ళు పోసేటప్పుడు కూడా గ్లవ్స్ వేసుకుంటాను, వంటింటి సింకులో పొయ్యను. గరాజ్‌లో చీపురు పట్టను, తడిగుడ్డతోనే తుడుస్తాను, ఎందుకంటే చీపురైనా మామూలు వాక్యూమ్ అయినా ఉన్న దుమ్మునే లేపి ఇల్లంతా చల్లుతుంది. పోత పోసేటప్పుడు వేసుకునే చొక్కా, ప్యాంటు, బూట్లు గరాజ్ గడప దాటి లోపలికి రావు, విడిగానే ఉతుకుతాను. అక్కడ మంచినీళ్ళ సీసా కూడా పెట్టను, టీ కప్పు మాట సరే సరి. మామూలు సబ్బుతో సీసం పూర్తిగా వదలదు, దానికోసమే అమ్మే సబ్బు ఉంది, అది గరాజ్ కుళాయి దగ్గరే పెట్టుకో. ఇది మనవాళ్ళకి మరీ ముఖ్యం తమ్ముడూ. మనం స్పూన్‌తో తినేవాళ్ళం కాదు, చేత్తో కలుపుకుని తింటాం, అదే చేత్తో పాపకి ముద్దలు పెడతాం. గోళ్ళ సందున ఉన్న ఆ కాస్తా ఎక్కడికి వెళ్తుందో ఆలోచించు.

మావాడి అంకె మూడు నెలల్లో 3కి దిగింది, ఏడాదికి 2 లోపుకి వచ్చింది. రక్తంలోంచి సగం పోవడానికి ఒక నెల పడుతుంది, ఎముకల్లో చేరింది మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. నేనూ ఏడాదికోసారి చేయించుకుంటున్నాను. నువ్వు ఎన్నాళ్ళుగా పోస్తున్నావో రాయలేదు. ఎన్నాళ్ళయినా సరే, మీ ముగ్గురూ పరీక్ష చేయించుకోండి.

ఇంకో సంగతి, ఇది నీకు కాదు, నీకు గ్రీన్‌కార్డ్ వచ్చిందని రాశావు. నీ ఫ్రెండ్‌కి కూడా నేర్పిస్తానన్నావు, అతను హెచ్-1బి మీద ఉన్నాడన్నావు, అందుకని చెప్తున్నాను. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద, అంటే హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వాటి మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఇక్కడ ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ అవి ఎవరికి ఎలా వర్తిస్తాయో లాయర్‌ని అడగాలి, నన్ను కాదు. చేతిలో ఒక్క తూటా ఉన్నా కేసే, తర్వాత గ్రీన్‌కార్డ్ మాట మర్చిపోవాలి. ముందు అతన్ని లాయర్ దగ్గరికి పంపు, ఆ తర్వాతే నీ బెంచి దగ్గరికి రానివ్వు. సొంత వాడకానికి చేసుకోవడానికి ఫెడరల్ చట్టం లైసెన్స్ అడగదు, కానీ అమ్మడానికి చేస్తే లైసెన్స్ కావాలి. ఫ్రెండ్ డబ్బులిస్తానన్నా వద్దను. ఊళ్ళో ఉన్న బావమరిదికి వీడియో కాల్‌లో చూపించి ఉత్సాహపెట్టడం కూడా వద్దు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం నేరం, అక్కడ ఇది సరదా పని కాదు.

సరే, ఇక బ్యారెల్ దగ్గరికి వద్దాం.

నువ్వు రాసిన వాటిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట ఏంటంటే, సీసం ఎక్కువగా ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) వైపునే, మొదటి మూడు నాలుగు అంగుళాల్లోనే పేరుకుంది అన్నది. చాలామంది బ్యారెల్ పాడైంది అని రాసి ఊరుకుంటారు, ఎక్కడ అంటుకుందో చూడరు. బ్యారెల్ మూతి వైపు అంటుకుంటే బుల్లెట్‌కి రాసే గ్రీజు చాలక దారిలో అయిపోయిందని అనుమానించాలి. ఛాంబర్ దాటగానే అంటుకుంటే బుల్లెట్ బ్యారెల్‌కి చిన్నదై ఉంటుంది, పదిలో తొమ్మిదిసార్లు అంతే.

ఎందుకో చెప్తాను. మన ఊళ్ళలో బోరింగ్ పంపు ఉండేది గుర్తుందా, లోపల తోలు వాషర్ అరిగిపోతే ఎంత కొట్టినా నీళ్ళు పైకి రావు, పక్క సందుల్లోంచి కిందికే జారిపోతాయి. బుల్లెట్ కూడా బ్యారెల్‌కి వాషర్ లాంటిదే. అది బ్యారెల్ లోపలి గాడుల అడుగుదాకా నిండుగా పట్టుకోవాలి. వెయ్యో వంతు అంగుళం సందు ఉన్నా వెనకనుంచి తోసే గ్యాస్ విపరీతమైన వేడితో, ఒత్తిడితో ఆ సందులోంచి దూసుకుపోతుంది. పోతూ పోతూ బుల్లెట్ పక్కల్ని కోసి, ఆ సీసాన్ని ఉక్కు మీద టంకం వేసినట్టు అతికించేస్తుంది. తర్వాతి బుల్లెట్ ఆ అతుకు మీదనుంచి ఈడ్చుకుంటూ వెళ్తుంది, ఇంకాస్త అంటిస్తుంది. గాడుల్లో పట్టు లేక సరిగ్గా తిరగదు, తిరగని బుల్లెట్ గాల్లో తలకిందులై అడ్డంగా తగులుతుంది. నీ కాగితం మీది తాళంకప్ప కన్నం అదే.

ఇప్పుడు ఆ పెద్దమనిషి చెప్పినట్టు లైనోటైప్ కొన్నావనుకో. లైనోటైప్ అంటే అచ్చాఫీసుల్లో వాడిన లోహం, 84 పాళ్ళు సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం, గట్టిదనం బ్రినెల్ స్కేల్ మీద 22 దాకా ఉంటుంది. పాత వీల్ వెయిట్లు 12 చుట్టుపక్కల, స్వచ్ఛమైన సీసం 5. గట్టి బుల్లెట్ చిన్నదైతే ఇంకా కష్టం, ఎందుకంటే మెత్తని సీసమైతే వెనక ఒత్తిడికి కాస్త ఉబ్బి సందు మూసుకునే అవకాశమైనా ఉంటుంది, గట్టిది అదీ చెయ్యదు. డబ్బు పోసి జబ్బు ముదరబెట్టుకున్నట్టు అవుతుంది. .30-30 వేగాలకి నీ దగ్గరున్న వీల్ వెయిట్ సీసం చాలు. నేను పద్నాలుగేళ్ళుగా దాంతోనే అడవిపందుల్ని కొడుతున్నాను.

కాబట్టి ముందు కొలత. నీ బుల్లెట్ 0.308 అంగుళాలు ఉంది, కరెక్టే కదా అన్నావు. రెండు తప్పులున్నాయి ఇక్కడ. ఒకటి, 0.308 అనేది రాగి తొడుగు ఉన్న ఫ్యాక్టరీ బుల్లెట్ కొలత. పోత బుల్లెట్ నీ బ్యారెల్ గాడుల కొలత కంటే వెయ్యో వంతు నుంచి రెండు వెయ్యో వంతుల అంగుళం పెద్దగా ఉండాలి, నీ బ్యారెల్ గాడులు ఎంతో నీకింకా తెలియదు. రెండోది, నువ్వు కొలిచింది డిజిటల్ కాలిపర్‌తో. మామూలు కాలిపర్ తప్పు చూపించేదే వెయ్యో వంతు దాకా ఉంటుంది, మనం వెతుకుతున్న తేడా కూడా అంతే. పదివేలో వంతు చూపించే మైక్రోమీటర్ ఒకటి కొను. ఈ పనిలో నేను కొన్నవాటిలో డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చింది అదే.

బ్యారెల్ కొలవడానికి స్లగ్ తియ్యాలి, అంటే మెత్తని సీసం గుండుని బ్యారెల్‌లోంచి తోసి దాని మీద పడ్డ అచ్చుని కొలవాలి. ముందు తుపాకీ ఖాళీ అని ఛాంబర్‌లోనూ, కింద గొట్టం మ్యాగజైన్‌లోనూ కళ్ళతో చూసి, వేలు పెట్టి చూసుకో. మార్లిన్‌లో ఒక సుఖం ఉంది, లీవర్ స్క్రూ ఒక్కటి తీస్తే లీవర్, బోల్ట్ రెండూ వచ్చేస్తాయి, వెనకనుంచి బ్యారెల్ తిన్నగా కనిపిస్తుంది. ఎజెక్టర్ అని చిన్న ముక్క లోపల వదులుగా ఉంటుంది, జారి కిందపడుతుంది, కింద గుడ్డ పరుచుకో. అంటుకున్న సీసం, పాత రాగి అంతా శుభ్రం చేశాకే స్లగ్ తియ్యి, లేకపోతే మురికిని కొలిచినట్టు అవుతుంది. చేపలు పట్టే సామాన్ల షాపులో కోడిగుడ్డు ఆకారంలో మెత్తని సీసం గుండ్లు దొరుకుతాయి, బ్యారెల్ కన్నం కంటే ఒక పిసరు లావుగా ఉన్నది తీసుకో. (మా అమ్మమ్మగారి ఊరు ఉప్పాడ దగ్గర. అక్కడ గాలానికి కట్టే సీసం గుండుని పళ్ళతో నొక్కి బిగించేవాళ్ళు, చిన్నప్పుడు నేనూ ఎన్నిసార్లు నొక్కానో. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.) బ్యారెల్‌లో రెండు చుక్కలు నూనె రాసి, గుండుని చిన్న సుత్తితో మూతిలోకి తట్టి, ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా అవతలికి తోసెయ్యి. కర్ర పుల్లలు వాడకు, అవి ఏటవాలుగా చీలి లోపల ఇరుక్కుంటాయి, తియ్యడం నరకం.

తోసేటప్పుడు చేతికి తెలిసేదాన్ని గమనించు. మొదట బిగువుగా వెళ్ళి తర్వాత ఒకే తీరుగా జారితే మంచి బ్యారెల్. మధ్యలో ఒకచోట వదులై మళ్ళీ బిగిస్తే అక్కడ లోపల ఏదో ఉంది. బయటికొచ్చిన గుండు మీద గాడులు, గట్లు అచ్చు గుద్దినట్టు పడి ఉంటాయి, పొలంలో చాళ్ళలాగా. గుండు మీద ఎత్తుగా ఉన్నవి బ్యారెల్ గాడులు. ఎదురెదురుగా ఉన్న రెండు ఎత్తుల మధ్య మైక్రోమీటర్ పెట్టి, అలా మూడు చోట్ల కొలు. మార్లిన్ 336లలో చాలావాటికి మైక్రో-గ్రూవ్ అని 12 లోతు తక్కువ గాడులు ఉంటాయి, సరిసంఖ్య కాబట్టి కొలవడం తేలిక. మైక్రో-గ్రూవ్ బ్యారెల్ పోత బుల్లెట్లకి పనికిరాదని ఒక పుకారు ఎప్పటినుంచో తిరుగుతోంది, దాన్ని పట్టించుకోకు. లోతు తక్కువ గాడులకి చిన్న బుల్లెట్ పెట్టి పనిచెయ్యలేదన్నవాళ్ళే ఎక్కువ. నా 336 గాడులు 0.3088. దానికి 0.310 బుల్లెట్ వేస్తే వంద రౌండ్ల తర్వాత కూడా బ్యారెల్ అద్దంలా ఉంటుంది.

నీ లెక్క 0.3085 అలా వచ్చిందనుకో, 0.310కి సైజ్ చెయ్యి, అంటే సైజింగ్ డై కన్నంలోంచి బుల్లెట్‌ని తోసి ఆ కొలతకి నొక్కు. కానీ ముందు నీ అచ్చు లోంచి రాలిన బుల్లెట్ సైజింగ్ చెయ్యకముందు ఎంత ఉందో కొలు. అచ్చే 0.309 పోస్తుంటే సైజింగ్ డై దాన్ని పెద్దది చెయ్యలేదు కదా. అప్పుడు రెండు దారులు, పెద్ద అచ్చు కొనడం, లేదా పౌడర్ కోటింగ్, అంటే బుల్లెట్‌కి రంగు పొడి పట్టించి వేడికి పూతలా కరిగించడం. కోటింగ్ ఒక పొర వేస్తే దాదాపు రెండు వెయ్యో వంతులు లావవుతుంది, పైగా గ్రీజు అక్కర్లేదు, చేతికి సీసం అంటదు. 400 ఫారెన్‌హీట్‌లో ఇరవై నిమిషాలు కాల్చాలి. దానికి గరాజ్‌లో వేరే టోస్టర్ ఓవెన్ పెట్టుకో, వంటింట్లోది ముట్టుకోకు, ఈ పనికి వాడిన ఓవెన్‌లో మళ్ళీ తినేది ఏదీ పెట్టకు. లావు బుల్లెట్ వేశాక తూటా ఛాంబర్‌లోకి వేలితో తోస్తే హాయిగా వెళ్ళాలి. బిగుసుకుంటే ఆపెయ్యి, కేసు మెడకి విచ్చుకునే చోటు లేకపోతే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

ఇంతా చేసి చాలామంది బోల్తా పడేది ఇంకోచోట, నీక్కూడా ఇది ఉందని నా అనుమానం, ఎందుకంటే తూటాలు తయారుచేసే నీ డై సెట్ మామూలు ఫ్యాక్టరీ బుల్లెట్ల కోసం చేసినది. అందులో మెడని తెరిచే ముక్క, ఎక్స్‌పాండర్, కేసు మెడని బాగా బిగువుగా ఉంచుతుంది. రాగి తొడుగు బుల్లెట్‌కి అది మంచిదే. మెత్తని సీసం బుల్లెట్‌ని అందులోకి నొక్కితే కేసే బుల్లెట్‌ని నలిపి చిన్నది చేస్తుంది. నువ్వు కష్టపడి 0.310కి చేసుకున్నది లోపలికి వెళ్ళి 0.308 అయి కూర్చుంటుంది, బయటికి ఏమీ కనిపించదు. నా మొదటి ఆర్నెల్లూ దీంతోనే పోయాయి. పరీక్ష చాలా తేలిక. ప్రైమర్ లేకుండా, పౌడర్ (మందు) లేకుండా ఉత్తి కేసులో ఒక బుల్లెట్ కూర్చోబెట్టి, సుత్తిలా కొట్టి లాగే పుల్లర్‌తో మళ్ళీ బయటికి తీసి కొలు. లోపలికి వెళ్ళిన అంకె, బయటికొచ్చిన అంకె ఒకటే ఉండాలి. నాది 0.310 వెళ్ళి 0.3082 వచ్చింది. ఆ రోజు బెంచి దగ్గర కూర్చుని మూడుసార్లు కొలిచాను, నమ్మకం కుదరలేదు. లైమన్ వాళ్ళ ఎం డై అని దొరుకుతుంది, పోత బుల్లెట్ల కోసం మెడని కాస్త లావుగా తెరిచి, మూతి దగ్గర చిన్న మెట్టులా చేస్తుంది, బుల్లెట్ పక్కలు చెక్కుకుపోకుండా నిలువుగా దిగుతుంది. అది మార్చాక కాగితం మీద నా బుల్లెట్లు పడే చుట్టు సగానికి తగ్గింది.

ఒకటి గుర్తుపెట్టుకో, నీ రైఫిల్‌లో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. బుల్లెట్ ముక్కు ముందున్న తూటా ప్రైమర్‌కి ఆనుకుని ఉంటుంది. అందుకే ముక్కు చదునుగా ఉన్న అచ్చే వాడాలి, మొనదేలింది ఎంత బాగా కొడుతుందన్నా గొట్టంలో పెట్టకు, రీకాయిల్ కుదుపుకి ముందుది పేలే ప్రమాదం ఉంది. బుల్లెట్ వెనక్కి జరక్కుండా కేసు మూతిని బుల్లెట్ మీది క్రింప్ గాడిలోకి నొక్కి సరిగ్గా బిగించు కూడా.

సీసం గురించి. వీల్ వెయిట్లు ఇప్పుడు పాతరోజుల్లా లేవు, బకెట్‌లో సగం జింకు, ఇనుము ఉంటాయి. జింకు వాటి మీద చాలావాటికి జెడ్‌ఎన్ అని, ఇనుప వాటికి ఎఫ్‌ఈ అని అక్షరాలు ఉంటాయి. అనుమానం వస్తే కటింగ్ ప్లయర్‌తో నొక్కు, సీసం వెన్నలా తెగుతుంది, జింకు తెగదు. జింకు కరిగేది 419 డిగ్రీల్లో, సీసం కంటే తొంభై డిగ్రీలు పైన. అందుకని థర్మామీటర్ పెట్టి 370 దాటకుండా కరిగిస్తే జింకు ముక్కలు కరక్కుండా పైన తేలతాయి, గరిటెతో తీసెయ్యొచ్చు. నేను ఒకసారి పాత సామాన్లవాడి దగ్గర ఒక బకెట్ కొని, పొయ్యి మీద పెట్టి, ఫోన్ వస్తే లోపలికి వెళ్ళాను. పది నిమిషాల్లో వేడి 430 దాటింది. తిరిగొచ్చేసరికి అంతా కరిగి, మెరిసే సీసం బదులు పలచటి ఉప్మా లాంటి ముద్ద, అచ్చులోకి పారదు, అంచులు నిండవు. ముప్ఫై పౌండ్లు అలా పోయాయి. డబ్బు సంగతి పక్కనపెట్టు, కరిగిన లోహాన్ని వదిలేసి వెళ్ళడమే నేను చెయ్యకూడని పని. ఇప్పుడు ఫోన్ ఇంట్లోనే పెట్టి వస్తాను. కారు బ్యాటరీల సీసం ఊరికే వస్తుందని ఎవరైనా అంటే ముట్టుకోకు, అందులోని ఆర్సెనిక్, ఆంటిమొనీ నుంచి వచ్చే గ్యాసులు ప్రాణం తీస్తాయి.

తగరం ఒకటి రెండు శాతం కలిపితే సీసం అచ్చు మూలల్లోకి బాగా పారుతుంది, అంతకుమించి దండగ. మన ఊళ్ళో ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్ళని చూసి ఉంటావు. గిన్నె సరైన వేడికి రాగానే తగరం ఒక్క తుడుపుతో వెండిలా లోపలంతా పరుచుకుంటుంది, వేడి తక్కువైతే ఉండలు కడుతుంది. అచ్చు కూడా అంతే. మొదటి పది పన్నెండు బుల్లెట్లు ముసలివాళ్ళ చర్మంలా ముడతలు పడి వస్తాయి, అచ్చు ఇంకా వేడెక్కలేదన్నమాట, వాటిని మళ్ళీ కుండలో వేసెయ్యి. ఎంత వేడెక్కినా ముడతలు పోకపోతే అచ్చులో నూనె మిగిలిపోయింది. మంచు పట్టినట్టు తెల్లగా మసకబారితే కాస్త వేడెక్కువైంది, దానివల్ల నష్టం లేదు, అంచులు పదునుగా ఉంటే చాలు. నేను ముఖ్యంగా చూసేది బుల్లెట్ అడుగు. అడుగు అంచు ఒకవైపు గుండ్రంగా ఉన్నా గ్యాస్ అటువైపు ముందు తప్పించుకుని బుల్లెట్‌ని పక్కకి నెడుతుంది. ముక్కు మీద చిన్న లోపం ఉంటే పోనిస్తాను, అడుగు మీద ఉంటే వెనక్కి వేసేస్తాను.

సెకనుకి 1,800 అడుగుల వేగం దాటాలనుకుంటే అడుగున రాగి గిన్నెలా ఉండే గ్యాస్ చెక్ పెట్టుకునే అచ్చు తీసుకో. అచ్చుల కంపెనీ ఐడియల్ వందేళ్ళకి పైగా ముందే దీన్ని మార్కెట్లోకి తెచ్చింది, ఇప్పటికీ అంతకన్నా తేలిక దారి ఎవరూ కనిపెట్టలేదు. అంతకంటే నెమ్మదిగా కాగితం మీద సాధనకే అయితే అక్కర్లేదు.

నీళ్ళు. కరిగిన సీసం ఉన్నచోట నీళ్ళుండకూడదు. పైన పడ్డ చుక్క చిటపటలాడి పోవచ్చు, కానీ తడి ఉన్న గరిటె గానీ, మంచులో బయట పెట్టిన సీసం దిమ్మ గానీ లోపలికి మునిగితే ఆ తడి ఒక్క క్షణంలో వెయ్యి రెట్లకి పైగా ఉబ్బి ఆవిరై, కుండలో ఉన్నదంతా నీ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. దిమ్మల్ని కుండ అంచు మీద పెట్టి వేడెక్కాకే లోపలికి జార్చు. ముఖానికి షీల్డ్, తోలు గ్లవ్స్, నూలు బట్టలు, మూసిన బూట్లు. మనవాళ్ళు గరాజ్‌లోకి చెప్పులేసుకుని వెళ్ళిపోతారు, ఈ పనికి కుదరదు. పాపని అటువైపు రానివ్వద్దని నీకు చెప్పక్కర్లేదు. నేను లోపలివైపు తలుపుకి పైన గొళ్ళెం పెట్టించాను.

పౌడర్ ఎంత వెయ్యాలి అని అడిగావు. చెప్పను, ఎవరు చెప్పినా తీసుకోకు. పౌడర్ కంపెనీలు, అచ్చుల కంపెనీలు సొంతంగా పరీక్షించి వేసిన మాన్యువల్స్ ఉన్నాయి. అందులో పోత బుల్లెట్లకి విడిగా ఇచ్చిన పట్టికలో, నీ బుల్లెట్ బరువుకి ఇచ్చిన మొదటి అంకె నుంచి మొదలుపెట్టు. నీ సైజింగ్ మారినా, బుల్లెట్ మారినా మళ్ళీ మొదటి అంకె నుంచే. పోత బుల్లెట్లకి వాడే కొన్ని త్వరగా మండే పౌడర్లు కేసులో సగం కూడా నిండవు, అంటే పొరపాటున రెండుసార్లు వేసినా కేసు పొంగిపోదు, నీకు తెలియదు, రైఫిల్ మాత్రం చీలిపోతుంది. అందుకని నేను కేసులన్నీ బ్లాక్‌లో నిలబెట్టి, ఒక్క బుల్లెట్ కూర్చోబెట్టే ముందు టార్చ్ వేసి వరసగా ప్రతి కేసులోకీ చూస్తాను. అన్నిట్లో మట్టం ఒకేలా ఉండాలి. మధ్యలో ఎవరైనా పిలిస్తే ఆ బ్లాక్ మొత్తం మళ్ళీ మొదటినుంచి.

ఇప్పుడున్న సీసం తియ్యడానికి రసాయనాల మీద డబ్బు పెట్టకు. గిన్నెలు తోమే స్వచ్ఛమైన రాగి పీచు తీసుకుని, అయస్కాంతానికి అంటుకోకపోతేనే, నాలుగు పోగులు పాత బ్రష్‌కి చుట్టి పొడిగా తోసి లాగు. వెండి రేకుల్లా రాలతాయి. కింద తడి కాగితం పరుచుకుని దాంతోనే చుట్టి పారేయి, ఊదకు. ఆ తర్వాత రాగి మరక తీసే ద్రావకంతో గుడ్డ మీద నీలం, పచ్చ రంగు రావడం ఆగేదాకా శుభ్రం చెయ్యి. నీకు ముందు ఆ తుపాకీ వాడినవాడు ఎన్నేళ్ళు రాగి బుల్లెట్లు కాల్చాడో తెలియదు, ఆ రాగి పూత మీద సీసం ఇంకా తొందరగా పట్టుకుంటుంది.

స్లగ్ కొలత, సైజింగ్ చెయ్యని బుల్లెట్ కొలత, కేసులోంచి బయటికి తీసిన బుల్లెట్ కొలత, ఈ మూడు అంకెలూ నాకు పంపు, ఏ డై కొనాలో, అచ్చు మార్చాలో లేదో అప్పుడు చెప్తాను. అవి వచ్చే శనివారం చేసుకున్నా పరవాలేదు. పాప డాక్టర్‌కి మాత్రం రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి, సీసం పరీక్ష అని అడుగు, ఇంట్లో ఏం పని చేస్తున్నావో దాచకుండా చెప్పు. అంకె వచ్చేదాకా కుండ వెలిగించకు.